విత్తులు తీస్తే మాంసం పెరుగుతుందా?

పందిపిల్లకు విత్తులు తీస్తే మాంసం పెరగదు. పెరిగేది కొవ్వు. ఏళ్ల తరబడి పందులు పెంచుతున్నవాళ్లు కూడా ఈ మాటను ఒక పట్టాన ఒప్పుకోరు. విత్తులు తీసిన పంది నున్నగా, గుండ్రంగా కళ్ల ముందు మెసులుతుంటే, పక్క దొడ్లో మగపంది బిగిసిన డొక్కలతో, ఎత్తు భుజాలతో నిలకడ లేకుండా తిరుగుతుంటే, ఏది లాభమో వేరే చెప్పాలా అంటారు. రెండింటినీ కోసి తోలు, కొవ్వు, ఎముక, కండ విడివిడిగా తూచిన చోట మాత్రం లెక్క వేరుగా తేలింది. విత్తులున్న మగపందిలోనే కండ ఎక్కువ. అది తిన్న దాణా కూడా తక్కువే.

కారణం కష్టమైనదేమీ కాదు. దాణాలోని ప్రోటీన్‌ను కండగా మలచమని ఒంటికి చెప్పేవి వృషణాల్లో తయారయ్యే హార్మోన్లే. అవి ఆగిపోయాక పంది ఎక్కువ తింటుంది, ఎక్కువసేపు పడుకుంటుంది, తిన్నదాన్ని వీపు మీదా పొట్టలోనా కొవ్వుగా దాచుకుంటుంది. కండలో దాదాపు మూడు వంతులు నీళ్లే. కొవ్వులో నీళ్లు చాలా తక్కువ. అందుకే ఒక కిలో కండ పెరగడానికయ్యే మేత కంటే ఒక కిలో కొవ్వు పెరగడానికయ్యే మేత కొన్ని రెట్లు ఎక్కువ. ఫారం ఖర్చులో సింహభాగం దాణాదే కాబట్టి, గుండ్రంగా కనిపించే ఆ ఒంటికి రైతు చెల్లిస్తున్న ధర చిన్నదేమీ కాదు.

మరి అంత నష్టమైతే ప్రపంచంలో చాలాచోట్ల విత్తులు ఎందుకు తీస్తున్నట్టు? వాసన కోసం.

ఈడుకొచ్చిన మగపంది మాంసాన్ని పెనం మీద వేస్తే కొన్నిసార్లు ఉచ్చ కంపు, చెమట కంపు, పేడ కంపు కలిసినట్టు ఒక ఘాటు లేస్తుంది. దానికి మూలం ముఖ్యంగా రెండు పదార్థాలు. ఒకటి ఆండ్రోస్టెనోన్. ఇది వృషణాల్లో పుట్టి కొవ్వులో చేరుతుంది. రెండోది స్కాటోల్. ఇది పెద్దపేగులోని సూక్ష్మజీవులు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. స్కాటోల్ ఆడపందిలోనూ పుడుతుంది, కానీ దాని కాలేయం వెంటనే విరిచేస్తుంది. మగపందిలో ఆండ్రోస్టెనోన్ ఆ పనికి అడ్డుపడుతుంది. అందుకే రెండూ కలిసి కొవ్వులో పేరుకుంటాయి. గ్రాము కొవ్వులో స్కాటోల్ 0.2 మైక్రోగ్రాములు, ఆండ్రోస్టెనోన్ 0.5 నుంచి 1 మైక్రోగ్రాము దాటితే కొనేవాళ్ల ముక్కుకు తగులుతుందని పరిశోధకులు హద్దులు పెట్టుకున్నారు.

ఇక్కడో చిక్కు ఉంది. ఆండ్రోస్టెనోన్ వాసన అందరికీ తెలియదు. ముక్కులోని ఒక గ్రాహకానికి సంబంధించిన జన్యువును బట్టి కొందరికి అది ఉచ్చ కంపు, కొందరికి తియ్యటి వాసన, ఇంకొందరికి అసలు ఏమీ కాదు. మాంసం కొట్టే అతనికి ఏ వాసనా తగలకపోవచ్చు. అతని దగ్గర కొన్న ఇంట్లో మాత్రం గిన్నె మూత తీయగానే గొడవ మొదలవుతుంది. "మా మాంసంలో వాసనే ఉండదండీ" అని ఎవరైనా ధీమాగా అంటే, ఆ ముక్కు ఏ రకానిదో ముందు తేల్చుకోవాలి.

కాబట్టి విత్తులు తీయడం మాంసం పెంచే పని కాదు, మాంసాన్ని అమ్ముడుపోయేలా చేసే పని. ఇది మనసులో పెట్టుకుంటేనే ఏ పద్ధతిలో ఎంత మాంసం చేతికొస్తుందన్న ప్రశ్నకు అర్థం ఉంటుంది. ప్రతి పద్ధతీ వాసనను ఎంత తగ్గిస్తుంది, దానికి బదులుగా ఎంత కండ తీసుకుంటుంది అన్నదే బేరం.

ఎద్దులకు విత్తులు నొక్కే బర్డిజో పట్టకారు తెలుగు రైతుకు బాగా తెలుసు. గొర్రెపిల్లలకు రబ్బరు రింగు వేయడమూ ఉంది. ఈ రెండూ పందికి పనికిరావు. ఎద్దుకు వృషణాల సంచి కింద వేలాడుతుంది కాబట్టి పైన మెడ దొరుకుతుంది, పట్టకారు నాడిని పట్టి నలుపుతుంది. పందికి ఆ సంచి తోక కింద, తొడల వెనక, ఒంటికి అతుక్కుని ఉంటుంది. పట్టకారు పట్టడానికి చోటుండదు, రింగు జారిపోతుంది. కాబట్టి రైతు ముందున్న దారులు మూడే: కోసి తీయడం, తీయకుండా వదిలేయడం, టీకా వేయడం.

కోత అనేది చాలా పాతది, చాలాచోట్ల ఉన్నది. పిల్ల పుట్టిన మొదటి వారంలో చేస్తే గాయం చిన్నది. అయిదారు రోజుల పిల్లను వెనక కాళ్లు పట్టి తలకిందులుగా మోకాళ్ల మధ్య ఇరికించి, తోక కింద చర్మాన్ని బొటనవేలితో బిగించి, రెండు వైపులా చిన్న నిలువు గాట్లు పెడతారు. చిక్కుడు గింజ కన్నా కొంచెం పెద్దదిగా, తెల్లగా మెరుస్తూ వృషణం బయటికి వస్తుంది. దాని నాడిని శుభ్రమైన బ్లేడుతో కోయాలి, పట్టి లాగి తెంపకూడదు. లాగితే నాడి లోపలెక్కడో తెగి రక్తం పొట్టలోకి కారుతుంది. గాయానికి కుట్లు వేయరు. నీరు కారిపోవడానికి తెరిచే ఉంచి, అయొడిన్ పూసి, పొడి గడ్డి మీద తల్లి దగ్గర వదులుతారు. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇబ్బంది ఉండేది దానికి ముందు చూడాల్సిన చూపులో. పిల్లను తలకిందులుగా పట్టినప్పుడు ఒకవైపు సంచి ఉబ్బుగా, మెత్తగా తగిలితే అది గిలక కావచ్చు, అంటే పేగు సంచిలోకి జారి ఉండొచ్చు. అక్కడ గాటు పెడితే వృషణానికి బదులు పేగు బయటికొస్తుంది. ఒక వృషణమే చేతికి తగిలితే రెండోది పొట్టలోనే ఉండిపోయిందన్నమాట. బయటున్నదాన్ని తీసేసి "అయిపోయింది" అనుకున్న పంది ఆరు నెలలకు మగపందిలాగే ప్రవర్తిస్తుంది, దాని మాంసమూ అలాగే వాసనేస్తుంది. ఈ రెండు రకాల పిల్లలనూ పశువైద్యుడికే అప్పజెప్పాలి.

చాలా దొడ్లలో ఈ పనిని పాలు మాన్పించే రోజు దాకా, ఒక్కోసారి రెండు మూడు నెలల దాకా వాయిదా వేస్తారు. మాంసం లెక్కలో అసలు నష్టం జరిగేది ఇక్కడే. ఒకే వారంలో తల్లి పాలు పోయి, కొత్త దాణా వచ్చి, దాని మీద పెద్ద గాయం కూడా అయితే పిల్ల తిండి మానేస్తుంది. వానాకాలంలో గాయం మీద ఈగలు వాలితే పురుగు పడుతుంది. చీము పట్టిన పిల్ల తోటి పిల్లల కంటే వెనకబడుతుంది. ఒక ఈతలో నాలుగు మగపిల్లలుంటే నాలుగూ వెనకబడినట్టే. తేదీని బట్టి కలిగే ఈ తేడాను రైతులు పద్ధతి ఖాతాలో వేసేసి, "విత్తులు తీస్తే పిల్ల ఎదగదు" అనేస్తుంటారు. ఎదగనిది కోత వల్ల కాదు, ఆలస్యం వల్ల, మురికి వల్ల.

నొప్పి సంగతి. మొదటి వారం పిల్లకు నొప్పి తెలియదన్న పాత నమ్మకాన్ని యూరప్‌లో ఇప్పుడెవరూ సమర్థించడం లేదు. నార్వేలో 2002 నుంచి మత్తు లేకుండా కోత లేదు. స్విట్జర్లాండ్ 2010 నుంచి, జర్మనీ 2021 జనవరి 1 నుంచి, ఫ్రాన్స్ 2022 జనవరి 1 నుంచి అదే దారిలో నడిచాయి. యూరోపియన్ యూనియన్‌లోని రైతు సంఘాలు, మాంసం కంపెనీలు, జంతు సంక్షేమ సంస్థలు కలిసి 2018 నాటికి కోతనే మానేద్దామని 2010లో స్వచ్ఛందంగా ఒప్పుకున్నాయి. ఆ గడువు దాటిపోయింది, కోత మాత్రం పోలేదు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం విత్తులు తీయడాన్ని హింస కింద లెక్కించదు, అయితే అది నిర్ణీత పద్ధతిలో జరగాలన్న షరతుతోనే. పశువైద్యుణ్ని పిలిచి మత్తు, నొప్పి మందు ఇప్పించడం చట్టానికీ మంచిది, పిల్లకూ మంచిది. నొప్పి తగ్గిన పిల్ల త్వరగా తల్లి రొమ్ము పట్టుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: యూరప్ పుస్తకాల్లో నొప్పికి కీటోప్రొఫెన్ పేరు కనిపిస్తుంది. రాబందుల ప్రాణాలు తీస్తోందని మన దేశంలో 2023 జూలైలో పశువులకు దాన్ని నిషేధించారు, ఏసెక్లోఫెనాక్‌నూ దానితో పాటే. డైక్లోఫెనాక్ అంతకు చాలాముందే పోయింది. రాబందులకు హాని లేనిదిగా తేలింది మెలాక్సికామ్.

ఇక తూకం దగ్గరికి రావాలి. పంది విషయంలో "మాంసం ఎంత వచ్చింది" అనే మాటకు మూడు అర్థాలున్నాయి. మొదటిది లైవ్ తూకం, బతికున్న పంది బరువు. రెండోది కోసిన తూకం, రక్తం, పేగులు, లోపలి అవయవాలు తీసేశాక వేలాడే ఒంటి బరువు. బతికున్న బరువులో ఇది ఎన్నో వంతో చెప్పేదే డ్రెస్సింగ్ శాతం, సాధారణంగా 70కీ 80కీ మధ్య ఉంటుంది. మూడోది కండ తూకం, కొవ్వూ ఎముకా తోలూ తీసేశాక మిగిలేది. విత్తుల పద్ధతి మారినప్పుడు ఈ మూడూ ఒకే దిక్కుకు కదలవు. అసలు గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

విత్తులు తీసిన పంది డ్రెస్సింగ్ శాతంలో ముందుంటుంది. కొవ్వు ఒంటికే అంటుకుని ఉంటుంది, కోసినా తూకంలోనే మిగులుతుంది. విత్తులున్న మగపంది డ్రెస్సింగ్‌లో వెనకబడుతుంది. దాని వృషణాలు, వాటికి సంబంధించిన గ్రంథులు అన్నీ కోసేటప్పుడు తీసి పక్కన పడేయాల్సినవే. కానీ ఆ తక్కువ తూకంలో కండ పాలు ఎక్కువ. డ్రెస్సింగ్ శాతం ఒక్కటే చూసి "ఈ పందే మంచిది" అనేవాడు నిజానికి కొవ్వుకు మార్కులు వేస్తున్నాడు.

విత్తులు తీయకుండా వదిలేయడం రెండో దారి. బ్రిటన్, ఐర్లండ్ రైతులు చాలాకాలంగా ఇలాగే చేస్తున్నారు. బ్రిటన్‌లో రెడ్ ట్రాక్టర్ అనే నాణ్యత ముద్ర ఉన్న మాంసానికి కోత నిషిద్ధం. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లోనూ మామూలు పందుల్లో ఎక్కువ భాగానికి విత్తులు తీయరు. కిటుకు ఏమిటంటే, ఈడు పూర్తిగా రాకముందే, తక్కువ బరువులో కోసేయడం. విత్తులు తీసినదానితో పోలిస్తే దాణా నూటికి పది వరకు, ఒక్కోసారి అంతకు మించి ఆదా అవుతుంది. వెన్ను కొవ్వు పలచగా ఉంటుంది. అయినా కొన్ని పందుల్లో వాసన మిగులుతుంది కాబట్టి నెదర్లాండ్స్, జర్మనీ వధశాలల్లో ఒక మనిషి వేడి ఇనుముతో కొవ్వును కాల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాడు. వాసన తగిలిన ఒంటిని పక్కకు తోసేస్తారు. ఇంత యంత్రాల కాలంలో వాసన తేల్చడానికి మనిషి ముక్కునే కూర్చోబెట్టారంటే, ఆ పని ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ బ్రిటన్ దారి తెలుగు రైతుకు అచ్చంగా అతకదు. అక్కడి జాతులు త్వరగా బరువెక్కుతాయి, ఈడు రాకముందే వధకు సిద్ధమవుతాయి. నాటు పంది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన రకం: తక్కువ బరువులోనే ఈడుకొస్తుంది, తూకానికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. దానికి విత్తులు వదిలేస్తే వాసన ఖాయం, పైగా దొడ్లో కొట్లాటలు. మగపందులు ఒకదాన్నొకటి ఎక్కుతూ, కరుచుకుంటూ, తోలు చీరుకుంటూ కాలం గడుపుతాయి. వధకు ముందు కొట్టుకుని అలసిపోయిన పంది మాంసం ముదురు రంగులో, గట్టిగా, ఎండినట్టు ఉండి త్వరగా పాడవుతుంది. సంకర జాతుల్లో పరిస్థితి కొంత మెరుగు. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం 75 శాతం, నాటు రక్తం 25 శాతం కలిపి తయారుచేసిన టీ-17 లాంటి పందులు నాటు పందుల కంటే వేగంగా బరువెక్కుతాయి. ఇలాంటి పందులను తొందరగా అమ్మేసే రైతుకు ఆలోచించుకునే చోటు కొంచెం ఉంటుంది. ఉన్నా, నేల శుభ్రంగా ఉంచాల్సిందే. తన పేడలోనే పొర్లిన పందిలో స్కాటోల్ ఎక్కువవుతుంది. షికోరీ వేరు, పచ్చి బంగాళాదుంప పిండి లాంటివి వధకు ముందు కొన్నాళ్లు మేపితే స్కాటోల్ తగ్గుతుందని యూరప్ పరిశోధనలు చూపించాయి. ఆండ్రోస్టెనోన్‌కు మాత్రం మేతలో మందు లేదు.

మూడో దారి టీకా. ఆస్ట్రేలియాలో పుట్టింది. 1998లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇంప్రోవాక్ పేరుతో అనుమతి పొందింది. యూరోపియన్ యూనియన్ 2009లో, అమెరికా 2011లో అనుమతించాయి. అమెరికాలో దాని పేరు ఇంప్రోవెస్ట్. బ్రెజిల్‌లో విరివిగా వాడుతున్నారు. ఇందులో హార్మోన్ లేదు. మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞల గొలుసులో మొదటి కొక్కెం ఒక చిన్న హార్మోన్. దాన్ని పోలిన ముక్కను వేరే ప్రోటీన్‌కు అతికించి ఎక్కిస్తారు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపట్టి, సొంత హార్మోన్ మీద కూడా దాడి చేస్తుంది. ఆజ్ఞ అందక వృషణాలు చిక్కిపోతాయి.

ఇందులో రెండు డోసులు. చెవి వెనక, మెడ మొదట్లో, చర్మం కింద 2 మిల్లీలీటర్లు. రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. మొదటి డోసుతో ఏమీ జరగదు, ఒళ్లు సిద్ధమవుతుందంతే. వధకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు పడే రెండో డోసే అసలు పని చేస్తుంది. అంటే పంది తన జీవితంలో ఎక్కువ భాగం విత్తులున్న మగపందిగానే పెరుగుతుంది, కండ పెట్టుకుంటుంది, దాణా ఆదా చేస్తుంది. చివరి నెలలో మాత్రమే విత్తులు తీసిన పందిగా మారుతుంది. ఆ నెలలో పాత ఆండ్రోస్టెనోన్, స్కాటోల్ కొవ్వులోంచి ఖాళీ అవుతాయి. ఈ ఏర్పాటు తెలివైనదే. ఒక దారిలోని కండనూ, ఇంకో దారిలోని వాసన లేనితనాన్నీ ఒకే పందిలో సాధించే ప్రయత్నమది.

2001లో ఫ్రాంక్ డన్షియా, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలో 300 మగపందుల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ ఎత్తిచూపేది. లార్జ్ వైట్, లాండ్రేస్ సంకరాలు. కొన్నింటికి కోత, కొన్నింటికి ఏమీ లేదు, కొన్నింటికి టీకా. టీకా పడినవాటిలో వాసన పదార్థాలు హద్దు కిందికి దిగిపోయాయి. ఏమీ చేయని మగపందుల్లో దాదాపు సగం వాటిలో ఏదో ఒకటి హద్దు దాటింది. టీకా పందులు రెండో డోసు తరవాత మగపందుల కంటే వేగంగా పెరిగాయి, కోత పందుల కంటే తక్కువ కొవ్వుతో, తక్కువ దాణాతో వధకు వచ్చాయి.

తూకంలో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. రెండో డోసు తరవాత టీకా పందికి ఆకలి విపరీతంగా పెరుగుతుంది, పేగుల నిండా మేత ఉంటుంది. చిక్కినా వృషణాలు ఇంకా ఒంట్లోనే ఉంటాయి. అందుకే దాని డ్రెస్సింగ్ శాతం కోత పంది కంటే ఒకటి, ఒకటిన్నర పాయింట్లు తక్కువగా తేలుతుంది. దీన్ని చూసే చాలామంది టీకాను తోసిపుచ్చారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒంటిని ముక్కలుగా విడగొట్టి తూచినప్పుడు భుజం, నడుము, తొడ లాంటి కండ ముక్కల దిగుబడి టీకా పందుల్లోనే ఎక్కువని తేలింది. తగ్గింది పొట్ట భాగం మందం. బేకన్ కోసం పొట్టను కోసే కంపెనీలకు అది నష్టమే. రెండో డోసుకూ వధకూ మధ్య వారాలు పెంచితే పొట్ట మందం పెరుగుతుంది, దాంతోపాటు కొవ్వూ పెరుగుతుంది, దాణా ఆదా కరిగిపోతుంది. అంటే ఆ చివరి వారాల సంఖ్యే రైతు చేతిలోని పగ్గం.

లెక్క కోసం రెండు పందులను ఊహించుకోవచ్చు. ఈ అంకెలు ఏ ఫారానివీ కావు, పరిశోధనలు చూపిన దిక్కును చూపడానికే. రెండూ బతికుండగా 100 కిలోలు. కోత పంది డ్రెస్సింగ్ 76 శాతం, అందులో కండ సగం: 38 కిలోలు. టీకా పంది డ్రెస్సింగ్ 74.5 శాతం, అందులో కండ 53 శాతం: దాదాపు 39 కిలోల 500 గ్రాములు. దాణా మాట కూడా చూడాలి. 20 కిలోల నుంచి 100 కిలోల దాకా 80 కిలోలు పెరగడానికి కోత పంది ఎఫ్‌సీఆర్, అంటే ఒక కిలో బరువు పెరగడానికి పట్టే దాణా, 3.2 అయితే 256 కిలోల దాణా. టీకా పందిది 3.0 అయితే 240 కిలోలు. దాణా కిలో 30 రూపాయలనుకుంటే పందికి 480 రూపాయలు మిగిలాయి.

ఇప్పుడు అదే పందులను మూడు రకాల బేరగాళ్లకు అమ్మి చూడాలి. లైవ్ తూకం మీద కొనేవాడికి రెండూ 100 కిలోలే, రైతుకు మిగిలేది దాణా ఆదా ఒక్కటే. కోసిన తూకం మీద కొనేవాడు టీకా పందికి కిలోన్నర తక్కువ కడతాడు, ఆదాలో కొంత అక్కడ పోతుంది. కండ శాతాన్ని బట్టి ధర కట్టే కంపెనీ అయితే టీకా పందికే ఎక్కువ ఇస్తుంది. తోలు, కొవ్వు, కండ కలిపి ఒకే ధరకు తూచే కొట్టుకు పంది వెళ్తుంటే, కండ పెంచినందుకు రైతుకు పైసా అదనంగా రాదు. పంది ఒకటే, దిగుబడి ఎంతో తేల్చేది కొనేవాడి త్రాసు. పద్ధతి ఎంచుకునే ముందు బేరగాడు ఏ తూకం మీద డబ్బు ఇస్తాడో తేల్చుకోని రైతు, పశువైద్యుడి సలహా ఎంత బాగున్నా తప్పు లెక్కే వేస్తాడు.

కొవ్వే కావాలనే చోట్లు కూడా లేకపోలేదు. ఇటలీలో పార్మా హామ్ కోసం పెంచే పందులను తొమ్మిది నెలల వయసు దాటాక, 160 కిలోల ప్రాంతపు భారీ బరువులో కోస్తారు. ఉప్పులో నెలల తరబడి ఊరి ఆరే ఆ తొడకు చుట్టూ మందపాటి కొవ్వు లేకపోతే మాంసం ఎండి చెక్కైపోతుంది. అక్కడ విత్తులు తీయడం తప్పనిసరి అవసరం, కండ శాతం గొప్పలు ఎవరూ చెప్పుకోరు. మన దేశంలోనూ ఈశాన్య రాష్ట్రాల్లో కొవ్వు పొర ఉన్న ముక్కనే ఇష్టపడి కొనేవాళ్లు ఎక్కువ. 2019 పశుగణనలో దేశంలోని 90 లక్షల పైచిలుకు పందుల్లో 21 లక్షలు ఒక్క అస్సాంలోనే తేలాయి, ఆ ప్రాంతానికి బయటి నుంచి కూడా పందులు లారీల్లో వెళ్తాయి. ఆ బజారుకు పంపే రైతు కొవ్వు తగ్గించే పద్ధతి కోసం తాపత్రయపడనక్కర్లేదు.

చిన్న దొడ్డి ఉన్న తెలుగు రైతుకు, అంటే పది ఇరవై తల్లిపందులు, సగం హోటల్ మిగులు, సగం తవుడుతో నడిపేవాడికి, ఇవాళ ఆచరణకు అందే దారి మొదటి వారపు కోతే. దాన్లోనే కండను కాపాడుకునే మార్గాలున్నాయి. విత్తులు తీసిన మగవాటినీ ఆడవాటినీ ఒకే తొట్టి దగ్గర మేపడం అలవాటు. అలా చేస్తే మగవి ఎక్కువ తిని కొవ్వెక్కుతాయి, ఆడవాటికి ప్రోటీన్ చాలదు. 50, 60 కిలోల దగ్గర రెండింటినీ విడదీయాలి. మగవాటికి తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచకుండా కొలిచి వేయాలి. అవి మరీ పెద్ద బరువు దాకా ఉండకుండా కాస్త ముందే అమ్మేయాలి, ఎందుకంటే చివరి కిలోల్లో పెరిగేదంతా దాదాపు కొవ్వే. వధకు ముందు రోజు రాత్రి దాణా ఆపి నీళ్లు మాత్రం ఇస్తే పేగుల్లో మేత ఖాళీ అవుతుంది. లైవ్ తూకంలో తగ్గినట్టు కనిపించినా ఒంటి మీద మాంసం తగ్గదు, పేగు తెగి అందులోది మాంసం మీద పడే ప్రమాదమూ తగ్గుతుంది.

టీకాకు వెళ్లే పెద్ద ఫారం పాటించాల్సినవి వేరు. రెండో డోసు పడేదాకా పంది మగపందే కాబట్టి దానికి లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న దాణా ఇవ్వాలి. కోత పందుల దాణానే వేస్తే టీకా డబ్బు వృథా. ఒక్క పందికి రెండో డోసు తప్పినా దాని వాసన అలాగే ఉంటుంది, అదొక్కటే వెళ్లి మొత్తం సరుకుకు చెడ్డపేరు తెస్తుంది. అందుకే రెండో డోసు వేసిన రెండు మూడు వారాలకు దొడ్డి మొత్తం చూసి, ఇంకా ఎగబడుతున్న పంది, వృషణాలు చిక్కని పంది కనిపిస్తే మళ్లీ సూది వేయాలి. సూది వేసే మనిషి జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. ఈ మందు మనిషి ఒంట్లోకి వెళ్తే మనిషి హార్మోన్ మీదా అలాగే పనిచేయగలదు. అందుకే సూదిని కప్పి ఉంచే ప్రత్యేక పరికరంతోనే వేయాలని తయారీదారులు చెబుతారు. గర్భిణులు దీన్ని ముట్టుకోకూడదు. ఒకసారి పొరపాటున గుచ్చుకున్న మనిషి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మళ్లీ ఎప్పటికీ ఈ మందు వేసే పని పెట్టుకోకూడదు.

చివరికి మిగిలేది ముసలి పోతు, రెండు మూడేళ్లు ఈతలకు వాడి ఇక అమ్మేద్దామనుకునే విత్తనపు మగపంది. నూటయాభై కిలోలు దాటిన ఆ ఒంటిని చూస్తే బేరగాడికి నోరూరుతుంది, వాసన గుర్తొస్తే ధర సగానికి పడుతుంది. అప్పుడు విత్తులు తీయించి కొన్ని వారాలు మేపితే కొవ్వులోని ఆండ్రోస్టెనోన్ మెల్లగా కరుగుతుంది. కానీ ఆ వయసులో కోత అంటే పూర్తి మత్తు, పెద్ద గాయం, రోజూ శుభ్రం చేసే మనిషి, గాయం మానేదాకా తగ్గే ఒళ్లు, అన్ని వారాల దాణా. పశువైద్యుడి ఫీజూ, దాణా ఖర్చూ ఒకవైపు, వాసన పోయాక పెరిగే ధర ఇంకోవైపు రాసుకుని, రెండోది ఎక్కువ తేలితేనే ఆ పనికి దిగాలి. తక్కువ తేలితే ఆ పోతును ఉన్నదున్నట్టుగా, అదేమిటో బేరగాడికి చెప్పి అమ్మాలి. అలాంటి మాంసాన్ని మసాలా పట్టించి, ఆడపంది మాంసంతో కలిపి సాసేజ్‌లు చేసేవాళ్లు కొంటారు. కలిపినప్పుడు వాసన పదార్థాలు పలచబడతాయి, చల్లగా తినే సరుకులో అవి ముక్కుకు అంతగా తగలవు.